వచ్చినానో అంటే రామ్మా అనాలి

ఈ మధ్య ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. నెల్లూరులో డిగ్రీ చదువుతోందట, పాటలు రాయాలని ఉందట. కూర్చోగానే, "మేడం, లిరిక్ రైటర్ అవ్వాలంటే ముందు ఏం చదవాలి?" అని అడిగింది. ఏమీ చదవక్కర్లేదు, పాడేవాళ్ల భుజాలు చూడటం నేర్చుకో అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. టీ తాగి, నాతో ఒక సెల్ఫీ తీసుకుని వెళ్లిపోయింది. సరిగ్గా చెప్పలేకపోయానే అని ఆ రోజంతా నామీద నాకే చిరాకు. ఆ చిరాకే ఇది రాయిస్తోంది.

నా పేరు శాంతకుమారి. మాది కొడవలూరు. నా పేరు మీరు విని ఉండరు, పాటలు విని ఉంటారు. గంగ బ్యాచ్ అని ఒకటుండేది. పెళ్లి ఊరేగింపుల్లో, కాలేజీ ఫంక్షన్లలో, ఆటోల్లో ఆ పాటలు మోగిపోయేవి. పాడింది గంగ, ట్యూన్లు కట్టింది సుధీర్, మాటలు నావి. అన్నీ నావే.

వెనక ఉండటం

ముందు ఒక సంగతి తేల్చేద్దాం. ఈ పనిలో పేరు రాదు. వీడియో కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, దాన్ని తెరిచి చూసే ఓపిక ఎవరికీ ఉండదు.

ఒకసారి మైపాడు బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి ఫోన్‌లో గంగ పాట వింటున్నాడు. "ఈ పిల్ల పాటలు సొంతంగా రాసుకుంటాదమ్మా, ఎంత తెలివో చూడు," అన్నాడు నాతో. "అవునా సామీ," అన్నాను. "మరి! ఇంకోరు రాసిస్తే ఇట్టా వస్తాదా?" అని నన్నే గదమాయించాడు. ఒళ్లు మండింది, అబద్ధం ఎందుకు? దిగిపోయాక ఆలోచిస్తే మాత్రం, నాకు దక్కిన మెప్పుల్లో అంతకు మించింది లేదనిపించింది. ఆ మాటలు గంగ నోట పుట్టినట్టు ఉండాలి. ఇంకొకరు రాసినట్టు తెలిసిందంటే నేను పని పాడుచేసినట్టే.

ఇది మింగుడుపడనివాళ్లు వేరే పని చూసుకోండి. నిష్ఠూరంగా అనటం లేదు, మీ మంచికే చెబుతున్నాను.

గంగ

నేను మొదట రాసింది మా చర్చిలో క్రిస్మస్ పాటలు. అక్కడ కీబోర్డు వాయించే కుర్రాడు సుధీర్. నాకంటే బాగా చిన్నవాడు, నోరు పెద్దది, చెవి ఇంకా పెద్దది. నెల్లూరులో ఒక మేడ కింద చిన్న స్టూడియో పెట్టాడు. ఒకరోజు ఫోన్ చేసి, "అక్కా, ఒక గొంతు దొరికింది, వచ్చి విను," అన్నాడు.

వెళ్లాను. మైపాడు నుంచి వచ్చిన పిల్ల, సముద్రంలో వేటకు పోయే ఇంటిది. వాళ్లమ్మ గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి చేపలు అమ్మేదట, ఈ పిల్ల వెంట నడిచేదట. "మా యమ్మకు గంప బరువుకే గుక్క చాలదు మేడం. అందుకని కేకేసేది నేను," అంది.

"ఏదీ, ఆ కేక వెయ్యి," అన్నాను.

సిగ్గుపడింది. తర్వాత లేచి, స్టూడియో తలుపు తీసి వరండాలోకి వెళ్లి, "వచ్చినానో..." అంది. అంతే. ఆ ఒక్క మాట వీధి చివరిదాకా వెళ్లి, అక్కడ కాసేపు నిలబడి, నెమ్మదిగా దిగింది. నాకు రోమాలు లేచి నిలబడ్డాయి. ఇంతలో పైన ఎవరో కిటికీ తెరిచారు. "రామ్మా, రా! ఏం చేపలు?" అని కేక. గంగ చేత్తో నోరు మూసుకుని, నవ్వు ఆపుకోలేక లోపలికి పరిగెత్తుకొచ్చింది.

"చేపలని చెప్పవా మే?" అన్నాను.

"ఎందుకు మేడం, వాసనొస్తాది గదా. వచ్చినానని చెప్తే చాలు. రామ్మా అని వాళ్లే అంటారు."

ఆ రోజు నుంచి నేను ఆమెకు శాంతక్కను.

భుజాలు

మొదటి పాటను చర్చికి రాసినట్టే రాశాను. పొడుగాటి వాక్యాలు, గంభీరమైన మాటలు. కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది. గంగ పాడుతూ పాడుతూ ఒక మాట సగంలో ఊపిరి పీల్చింది. సుధీర్ విసుక్కున్నాడు. మళ్లీ పాడింది, మళ్లీ అక్కడే. నాలుగోసారో అయిదోసారో, అద్దం ఇవతలి నుంచి చూస్తున్న నాకు ఆమె భుజాలు పైకి లేవడం కనపడింది. ఊపిరి అయిపోతున్నప్పుడు భుజాలు లేస్తాయి. తప్పు ఆమె గొంతుది కాదు, నా వాక్యానిది.

అప్పట్నుంచి నేను మాటలు రాయలేదు, ఊపిరి కొలిచాను. ట్యూను ముందొస్తుంది. సుధీర్ తాననా తాననా అని ఫోన్‌లో పాడి పంపేవాడు. నేను దాన్ని గంగ చేత ఉత్తినే పాడించుకుని, భుజాలు ఎక్కడ లేస్తున్నాయో చూసి, అంతకు ఒక అడుగు ముందే మాట ముగించేదాన్ని. పైకి వెళ్లే చోట నోరు బాగా తెరుచుకునే మాట పెట్టాలి. పళ్లు బిగబట్టి అనాల్సిన మాట అక్కడ పెడితే గొంతు నులిమినట్టే. ఇవి ఏ పుస్తకంలోనూ లేవు. మనిషి ఎదురుగా కూర్చుంటే తెలుస్తాయి. ఇప్పటి పిల్లలు ఊళ్లో ఉండి ఫోన్‌లో రాసి పంపేస్తున్నారు, పాడేదెవరో కూడా తెలియదు. ఎలా రాస్తారో నాకైతే అర్థం కాదు.

సుధీర్

పని ఇచ్చినవాడి గురించి ఉన్నమాట చెప్పాలి కదా. సుధీర్ చెడ్డవాడు కాదు. పని దొంగ కాదు. అయితే వినాలనుకున్నదే వినేవాడు. ట్రెండు, ట్రెండు అని ప్రాణం తీసేవాడు. షో మీద షో ఒప్పుకునేవాడు. ఒక ఊళ్లో పొద్దున, ఇంకో ఊళ్లో సాయంత్రం. గంగ ఎప్పుడూ కాదనలేదు. పిలిస్తే చాలు, దుమ్ములో, పొగలో, చలిలో పాడేది. జనం చేతులెత్తి ఊగుతుంటే ఆమె ముఖం చూడాలి! అంత సంతోషం నేను మరొకరి ముఖంలో చూడలేదు.

ఒకరోజు రికార్డింగులో పై స్వరం చివర చిన్న గరగర వినిపించింది. బియ్యంలో రాయి తగిలినట్టు. సుధీర్, "ఆ ఫీల్ భలే ఉంది, ఉంచేద్దాం," అన్నాడు. గంగ నా వైపు చూసింది. నేనూ ఆమె వైపు చూశాను.

దిగుతూ వచ్చిన పాటలు

తర్వాత పాటలో పైకెక్కే చోటు ఒక మెట్టు దించాను. ఎవరూ కనిపెట్టలేదు. ఆ తర్వాత ఇంకొకటి. గంగ గొంతులో కొత్త గాంభీర్యం వచ్చిందని జనం మెచ్చుకున్నారు. చివరికి నేనే పట్టుబట్టి నెల్లూరులో గొంతు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను.

ముక్కులోంచి సన్నటి గొట్టం పంపి చూశాడాయన. "ఒకవైపు స్వరతంత్రి సరిగా కదలటం లేదమ్మా. పాడకుండా, అరవకుండా ఉంటే ఉన్నది ఉంటుంది. పాడితే అదీ పోవచ్చు. పోయింది తిరిగొస్తుందని నేను చెప్పలేను," అన్నాడు. మర్యాదగా, మెత్తగానే చెప్పాడు.

ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నాం. గంగ నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, సుధీరన్నకు చెప్పొద్దు. చెప్తే షోలు ఆపేస్తాడు."

"ఆపితేనే మంచిది గదే. ఉన్నది ఉంటాదన్నాడు గదా."

"ఉండి ఏం చేస్తాదక్కా? బీరువాలో పెట్టుకోనా? మా యమ్మ బతుకంతా నెత్తిమీద గంపలో ఉండాది. నాది ఈ గొంతులో ఉండాది. అమ్ముకోకుండా కుళ్లబెట్టుకోమంటావా?"

ఏడుస్తున్నానని కూడా నాకు తెలియలేదు, ఆమే పైట చెంగుతో తుడిచింది.

"నా గొంతు ఎంతుంటే అంతకు రాయక్కా. మీ చర్చోళ్లు ఒట్టెయ్యరు గదా, మాటియ్యి చాలు," అంది. ఇచ్చాను. ఆమె పెదాల మీద వేలు అడ్డంగా పెట్టి, ఇక ఈ సంగతి ఇక్కడితో సరి అన్నట్టు నవ్వింది.

ఆ తర్వాత రాసిన పాటలే నేను రాసినవాటిలో మంచివి. చెప్పుకోవడానికి కడుపు తరుక్కుపోతుంది, అయినా నిజం. స్వరాలు తగ్గేకొద్దీ మాటలు తగ్గించాను. మాటలు తగ్గేకొద్దీ ఉన్న మాటకు బరువొచ్చింది. పాడాల్సిన చోట మాట్లాడించాను, లాగాల్సిన చోట ఆపేశాను. పొట్టయిపోయిన గౌనుకు తల్లులు అంచు అతికించి మళ్లీ తొడుగుతారే, ఆ పనే. సుధీర్ దాన్ని కొత్త స్టైల్ అన్నాడు. జనమూ అదే అన్నారు. నేనూ గంగా మాత్రం ప్రతి పాటకూ ఏది పోయిందో లెక్క తెలిసినవాళ్లం.

చెప్పకపోవడం తప్పు కాదా అని మీరడగొచ్చు. నన్నడగొద్దు. ఆ గొంతు ఆ పిల్లది.

మైపాడు

చివరికి ఒక్క కేక మిగిలింది. మధ్య శ్రుతిలో, గట్టిగా, ఒక్క మాటకు సరిపడా. దాని వెంటనే ఇంకో మాట అనమంటే గాలి తప్ప ఏమీ రాదు. ఒక్క మాటతో పాటెలా కట్టాలి? కొన్నాళ్లు తిండి సహించలేదు.

ఒక పొద్దున మైపాడు వెళ్లాను. ఒడ్డున వల లాగుతున్నారు. ఒకాయన ముందు నిలబడి ఒక్క మాట అంటున్నాడు. తాడు పట్టుకున్నవాళ్లంతా జవాబు చెబుతూ లాగుతున్నారు. అనేవాడికి శ్రమ లేదు, బరువంతా జవాబు చెప్పేవాళ్లదే. చూస్తూ చూస్తూ ఇసుకలో కూలబడ్డాను. ఇన్నాళ్లూ నా కళ్లెక్కడ పెట్టుకున్నాను?

గంగ ఇంటికి వెళ్లి, వాళ్లమ్మ ముందే చెప్పాను. "నువ్వు వచ్చినానో అను. జనం రామ్మా రా అంటారు. మళ్లీ నువ్వు అను, వాళ్లు మళ్లీ అంటారు. నీ మాటకీ నీ మాటకీ మధ్య బోలెడంత విశ్రాంతి."

వాళ్లమ్మ నవ్వింది. "అది పాటేందమ్మా, మా బతుకు గదా," అంది.

సాయంత్రం ఒడ్డుకు వెళ్లి పాడి చూశాం. గంగ పడవ అంచు మీద కూర్చుని, "వచ్చినానో..." అంది. వలలు బాగుచేసుకుంటున్నవాళ్లు తలెత్తకుండానే, "రామ్మా, రా!" అన్నారు. రెండోసారికి ఆడవాళ్లొచ్చి చేరారు. కాసేపటికి ఒడ్డు ఒడ్డంతా జవాబు చెబుతోంది. ఎవరికీ ఎవరూ నేర్పలేదు. గంగ పడవ దిగొచ్చి నన్ను పట్టుకుంది. "అక్కా, ఇట్టయితే ముసిలిదాన్నయ్యేదాకా పాడతాను," అంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. ఆమెకంటే ఎక్కువ నేనే నమ్మాను.

స్టూడియోలో గంగ కేక రికార్డు చేశాం, మధ్యలో జవాబుకు చోటు వదిలి. ఆ ఖాళీల్లో కోరస్ పెడదామన్నాడు సుధీర్. గంగ ఒప్పుకోలేదు. "జనాలుండగా మిషనెందుకన్నా? వాళ్లే అంటారులే," అంది. నేనూ ఆమె మాటే అన్నాను. ఆమె ఆ కేక వేస్తూ పెరిగింది, నేను కొడవలూరు వీధిలో అలాంటి కేకలు వింటూ పెరిగాను. వచ్చినానో అంటే జవాబు రాకపోవడమనేది ఒకటుంటుందని మా ఇద్దరికీ తోచను కూడా తోచలేదు.

కావలి

కావలిలో ఒక కాలేజీ వార్షికోత్సవం. గ్రౌండు నిండా పిల్లలు. గంగ స్టేజీ ఎక్కగానే ఈలలు, అరుపులు. కొత్త పాట అని చెప్పగానే గ్రౌండంతా ఫోన్లు పైకి లేచాయి.

"వచ్చినానో..." అంది గంగ.

ఎంత బాగా వచ్చిందో! మొదటిరోజు వరండాలో విన్న గొంతే. తర్వాత జవాబుకు వదిలిన చోటు వచ్చింది. ఎవరూ పలకలేదు.

పిల్లలంతా వీడియో తీస్తున్నారు. తమ గొంతు పడితే వీడియో పాడవుతుందని ఊపిరి కూడా మెల్లగా తీస్తున్నారు. వాళ్లను తిట్టుకోలేను. గంగంటే ప్రాణం కాబట్టే నోళ్లు మూసుకున్నారు. ఇంతమందిలో ఒక్కరైనా చేపలమ్మి కేకకు జవాబు చెప్పి ఉండరా అనుకున్నాను. ఇంట్లో అమ్మమ్మలు చెప్పి ఉంటారు. ఇది పాట కదా, పాటకు జవాబు చెప్పాలని వాళ్లకెవరు చెప్పారు?

గంగ రెండోసారి అంది. వాయిద్యం తప్ప జనంలోంచి మళ్లీ చప్పుడు లేదు. స్టేజీ పక్కన తెర వెనక నిలబడి నేను "రామ్మా, రా" అన్నాను. ఆ స్పీకర్ల హోరులో నా గొంతు నాకే వినపడలేదు. గంగకు ఎలా తెలిసిందో, నా వైపు తిరిగి చూసింది. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. తర్వాత జనం వైపు తిరిగి, వాళ్ల జవాబు తానే అందుకుంది. వందలమంది అనాల్సిన స్థాయిలో, "రామ్మా" అని పైకి లేపింది.

భుజాలు లేచాయి. గొంతు మధ్యలో తెగిపోయింది.

సుధీర్ గబగబా కీబోర్డు సౌండు పెంచాడు. గంగ పెదాలు కదులుతూనే ఉన్నాయి, మైకులోంచి గాలి తప్ప ఏమీ రావటం లేదు. పాట అయిపోయిందనుకుని పిల్లలు గ్రౌండు దద్దరిల్లేట్టు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో సగం చప్పుడు ముందు చేసి ఉంటే సరిపోయేదే అని నాకు గుండె మండిపోయింది.

తర్వాత సుధీర్ మా ఇంటికి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అక్కా, నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వడగలేదు గదరా."

తల గోడకు ఆనించి ఏడ్చాడు. "వినపడిందక్కా నాకు. ఎప్పుడో వినపడింది. స్టైలనుకున్నా. అనుకోవాలనుకున్నా," అన్నాడు. లోపలికి పిలిచి మంచినీళ్లిచ్చాను. వాణ్ణి తిట్టడానికి మనసొప్పలేదు.

పని మానేయడం

గంగ గొంతు తిరిగి రాలేదు. పెద్ద ఆసుపత్రులన్నీ తిరిగాం. మాట కూడా గుసగుసగా, చెవి దగ్గర పెడితే వినిపించేంత. తర్వాత ఆ గుసగుస కూడా మానేసింది, నొప్పట. బ్యాచ్ ఆగిపోయింది. ఆ చివరి పాట బయటికి రాలేదు.

కొన్నాళ్లకు సుధీర్ ఇంకో పిల్లను తెచ్చాడు. మంచి గొంతు, అబద్ధం చెప్పకూడదు. ట్యూను పంపాడు. రాయడానికి కూర్చుంటే ప్రతి వాక్యమూ గంగ ఊపిరికే వస్తోంది. రెండు మాటలు, ఆగడం. రెండు మాటలు, ఆగడం. ఈ పిల్లకు అంత ఆగాల్సిన అవసరం లేదు, దేవుడి దయవల్ల నిండు ఊపిరి ఉంది. నా చెయ్యి ఇంకొకరి కొలతకు తిరగటం లేదు. నావల్ల కాదురా అని చెప్పేశాను. నేను రిటైరైంది అలా.

ఇంటికొచ్చిన ఆ డిగ్రీ అమ్మాయికి నేను చెప్పాల్సింది ఇదంతా. ఒక గొంతుకు రాయడం మొదలుపెడితే అది పోయే దారిలో మీరూ నడవాల్సి వస్తుంది. మధ్యలో దిగిపోయేవాళ్లు రాయగలరు గానీ బాగా రాయలేరు. ఇంత మంచి పని మరొకటి లేదు, ఇంత ఏడిపించే పనీ మరొకటి లేదు.

మొన్న వేసవిలో ఒక ఉదయం పెరట్లో గోంగూర ఒలుచుకుంటున్నాను. వీధిలోంచి స్పీకరు చప్పుడు వినపడింది. చేపల ఆటోలు రోజూ వస్తాయి, ఏదో మగగొంతు రికార్డులో చేపల పేర్లన్నీ చదువుతుంది. ఇది అది కాదు.

"వచ్చినానో..."

గోంగూర చేతిలోనే ఉండిపోయింది. ఆ కేక తర్వాత స్టూడియోలో మేం వదిలిన ఖాళీ వచ్చింది. నాకు కావలి గ్రౌండు కళ్లముందు నిలిచింది. ఎవరూ పలకరేమోనని గబుక్కున లేచాను.

"రామ్మా, రా! ఇట్ట తిప్పు ఆటో!" అని ఎదురింట్లోంచి కేక వచ్చింది. స్పీకరు మళ్లీ అంది. "వస్తుండా, ఉండు తల్లీ!" అని పక్క వీధి నుంచి ఇంకొకరు. "వంజరం ఉందా మే?" అని మేడ మీంచి మరొకరు. ఒక్క ఖాళీ కూడా ఖాళీగా పోలేదు.

వీధిలోకి వెళ్లాను. ఆటో నడుపుతున్నది గంగే. నెత్తిన తువ్వాలు, ఎండకు నల్లబడ్డ ముఖం. ఆడవాళ్లు ధర అడిగితే వేళ్లు చూపిస్తోంది, బేరమాడితే తల అడ్డంగా ఊపుతోంది. ఎదురింటావిడ కానాగంత చేపలు గిన్నెలోకి తీసుకుని నా దగ్గరికి వచ్చింది.

"పాపం, మూగపిల్ల శాంతమ్మా. ఆ రికార్డులో గొంతెవురిదో గాని, ఎంత బాగుంటాదో," అంది.

గంగకు ఆ మాట వినపడింది. నా వైపు చూసింది. ఆసుపత్రి మెట్ల మీద చేసినట్టే, పెదాల మీద వేలు అడ్డంగా పెట్టి నవ్వింది.

స్పీకరు మళ్లీ "వచ్చినానో" అంది.

"రామ్మా," అన్నాను. "రా."